పడిపోయిన గేదెని పిక్‌అప్ ఎక్కించడానికి బ్యాటరీ వించ్: చాలాకాలం వాడాక చెప్తున్నా

మాది అమలాపురం పక్క పల్లెటూరండి, బొలెరో పిక్‌అప్ మీద పశువుల కిరాయిలే ఎక్కువ తోలతాను. నడిచే గేదైతే బల్ల వేసి పలుపు పట్టుకుంటే అదే ఎక్కేస్తుంది, ఏ మెషినూ అక్కర్లేదు. బాధంతా లేవలేని గేదెతోనే. ఎదిగిన ముర్రా గేదంటే అయిదు క్వింటాళ్ల దాకా ఉంటుంది, పదిమంది కలిసినా మూడడుగుల ఎత్తులో ఉన్న బాడీలోకి లేపడం కష్టం, ఇక కాళ్లకి మోకు కట్టి ఈడ్చేస్తారు, కీళ్లు తప్పిపోయి, ఉన్న ప్రాణం కూడా పోద్ది. చూడలేక క్యాబిన్ వెనక ఇనప ఛానల్ వెల్డింగ్ చేయించి 12 వోల్టుల వించ్ బిగించాను, అంటే బ్యాటరీ మోటారుతో డ్రమ్ముకి తాడు చుట్టుకుంటూ బరువు లాగే మెషిను, మూడు వేల పౌన్ల రకం, అంటే సుమారు 1360 కేజీలు.

ఆ అంకె చూసి మురిసిపోకండి. అది డ్రమ్ము మీద తాడు మొదటి వరసలో ఉన్నప్పటి లెక్క, వరస మీద వరస పడేకొద్దీ లాగే బలం తగ్గిపోద్ది, మన పనిలో గేదె బండి పక్కనే ఉంటుంది కాబట్టి తాడు చాలావరకు డ్రమ్ముకే చుట్టుకుని ఉంటుంది. అందుకే కప్పీ తప్పనిసరి. తాడుని కప్పీలోంచి తిప్పి కొక్కెం మళ్లీ ఛానల్‌కే తగిలిస్తే బలం దాదాపు రెట్టింపు, స్పీడు సగం, తాడు కూడా ఎక్కువ బయటికి వస్తుంది. నెమ్మదిగా వెళ్తే గేదె బెదరదు, పక్కన నడుస్తూ తల పట్టుకునే టైం ఉంటుంది.

బల్ల విషయంలో మాత్రం పీనాసితనం వద్దండి. ఆరడుగుల బల్లైతే మూడడుగుల ఎత్తుకి నిటారుగా ఉంటుంది, గేదె కిందకి జారిపోతుంది. నాది పదడుగులది, పైన రేకు కొట్టించాను, లాగేటప్పుడు సులువుగా జరగాలని ఎక్కించే ముందు రెండు బకెట్ల నీళ్లు కొడతాను. గేదె కింద బరకం వేస్తే చిరిగిపోతుంది, రైస్ మిల్లులో తీసేసిన కన్వేయర్ బెల్టు ముక్క దొరికితే వదలకండి, ముందంచుకి ఇనప పైపు బిగించి దానికే వించ్ తాడు తిరిగే ఆ కప్పీ తగిలించాలి. గేదెకి కాదు, బెల్టుకి! మెడకీ కొమ్ములకీ కాళ్లకీ తాడు కట్టి వించ్ నొక్కొద్దు, చేతులెత్తి చెప్తున్నా. ఎక్కాక పక్కకి పడుకోనివ్వకూడదు, కడుపు ఉబ్బిపోద్ది, బోర్లా కూర్చున్నట్టు పెట్టి రెండు పక్కలా గడ్డి మూటలు ఆనించాలి.

లోపాలు లేకపోలేదు. బరువు మీద వించ్ వంద ఆంపియర్ల పైనే కరెంటు లాగుతుంది, ఇంజిన్ స్టార్టులో ఉంచకపోతే బ్యాటరీ పడుకుంటుంది. వానాకాలం పుంతల్లో (పొలాల మట్టి దారుల్లో) తిరిగి తిరిగి రిమోట్ ప్లగ్గులో నీళ్లు చేరి మధ్యలో ఆగిపోయేది, ఇప్పుడు ప్లగ్గుకి గ్రీజు పెట్టి సైకిల్ ట్యూబు ముక్క తొడిగాను. సముద్రం వైపు ఊళ్లలో ఉప్పుగాలికి స్టీలు తాడు తుప్పు పట్టి పీచులు లేచి చేతులు కోసేసింది, సింథటిక్ తాడు వేయించాను, తేలిక, పట్టుకోవడానికి బావుంది, కానీ ఎండకీ ఇసకకీ పాడవుద్ది, పని అయ్యాక కడిగి గోనెసంచి కప్పాల్సిందే. డ్రమ్ము మీద ఎప్పుడూ స్టీలు తాడైతే కనీసం అయిదు చుట్లు, సింథటిక్ అయితే పది చుట్ల దాకా మిగల్చండి, మొత్తం విప్పేస్తే చివర ఊడొచ్చేస్తుంది.

ఇంకోటి, ఈనిన రెండు మూడు రోజుల్లో పడిపోయిన గేదైతే నాకు ఫోన్ చేసేముందు డాక్టరుకి చెయ్యండి. చాలాసార్లు అది కాల్షియం తగ్గడమే, నరానికి ఎక్కిస్తే అక్కడే లేచి నిలబడుతుంది, బండితో పనే ఉండదు. 1962 కి చేస్తే వచ్చే పశువుల అంబులెన్సు దొరికితే ఇంకా మంచిది, దానికి హైడ్రాలిక్ లిఫ్టు ఉంటుంది. బండి పట్టని గట్ల మీద, మకాంల (పొలంలో పశువుల పాకల) దగ్గర ఉన్నవాటిని ఆ కన్వేయర్ బెల్టు మీదే రోడ్డు దాకా లాక్కొస్తాం.

ఇంట్లో ఒకటి రెండు పాడి గేదెలున్నోళ్లు ఇది కొనక్కర్లేదు. కిరాయి తోలేవాళ్లు డబ్బులు చాలకపోతే ముందు బల్ల, బెల్టు చేయించుకుని చేత్తో తిప్పే వించ్ పెట్టుకోండి, ఇద్దరు మార్చి మార్చి తిప్పితే గేదె ఎక్కేస్తుంది, కాకపోతే అరగంట పట్టొచ్చు.