పదహారు మొగ్గలు, రెండు పూలు: ఇంటి కాపలాకు ‘మోషన్’ సాఫ్ట్‌వేర్ వాడి చూశాను

జూన్‌లో తొలి వాన పడ్డప్పటి నుంచి మా ముందుగది కిటికీలో ఒక పాత ల్యాప్‌టాప్ రాత్రింబవళ్లు నడుస్తోంది. మావాడు ఇంజినీరింగ్‌లో వాడి పడేసింది. మూత ఒక పక్క విరిగింది, ‘ఎన్’ మీట ఊడిపోయింది. దానికి పన్నెండు వందల వెబ్‌క్యామ్ తగిలించి, ‘మోషన్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించాం. వాకిట్లో ఏదైనా కదిలితే వీడియో తీస్తుంది, కదలకపోతే ఊరుకుంటుంది. దాని పని అంతే. ఆ ఒక్క పని సరిగ్గా చేయించడానికి నాకు మూడు వారాలు పట్టింది.

మా ఇల్లు నల్గొండలో, పానగల్లు పోయే దారికి లోపలి గల్లీలో. గేటు పక్కన మందారం, దాని వెనక నందివర్ధనం. ప్రహరీ భుజాల ఎత్తు ఉంటుంది. మా ఆవిడ రాత్రి పడుకునే ముందు టార్చి వేసి మందార మొగ్గలు లెక్కపెడుతుంది. పదహారు మొగ్గలుంటే పొద్దున దేవుడి దగ్గరికి వచ్చేవి రెండు పూలు. ఏ రోజైనా రెండే. “గీ పూలెవరు తెంపుతున్నరో నాకు తెల్వాలె” అని ఆమె పట్టు. నా లెక్క వేరు. ఆగస్టులో బిడ్డ కాన్పుకు హైదరాబాద్ పోతే ఇల్లు మూడు వారాలు తాళం వేసి ఉంటుంది. గేటు మీద ఒక కన్ను ఉండాలనుకున్నాను.

కెమెరాలు బిగించే దుకాణంలో అడిగితే నాలుగు కెమెరాలు, రికార్డు చేసే డీవీఆర్ పెట్టె, హార్డ్‌డిస్క్, వైరింగ్ కలిపి పంతొమ్మిది వేలు చెప్పాడు. “నాలుగెందుకయ్యా, నాకు గేటొక్కటే కావాలె” అంటే “సెట్టుగనే తీసుకోండ్రి సార్” అన్నాడు. ఫోన్‌లో చూసుకునే చిన్న వైఫై కెమెరాలు చవకే. కానీ వాటిలో చాలావాటికి పాత వీడియోలు దాచుకోవాలంటే నెలనెలా డబ్బు కట్టాలి, మన వాకిలి ఎవరిదో సర్వర్‌లో ఉంటుంది. మెమొరీ కార్డు వేసుకునేవీ ఉన్నాయి. కెమెరా ఎత్తుకుపోతే కార్డూ పోయినట్టే. ఇదంతా విన్న మావాడు ఫోన్లోనే “నాన్నా, అటక మీద నా పాత ల్యాప్‌టాప్ ఉంది కదా” అన్నాడు. ఆదివారం వచ్చి అందులో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ మోషన్’ అని కొట్టి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. మిగతాది నా నెత్తిన పడింది.

ముందే చెప్పాలి, దీనికి అందమైన తెర ఏమీ లేదు. ‘మోషన్ డాట్ కాన్ఫ్’ అని ఒక రాతఫైలు ఉంటుంది. అందులో అంకెలు మార్చి, సేవ్ చేసి, మళ్లీ మొదలుపెట్టాలి. మొదటి రోజంతా ఒక్క వీడియో రాలేదు. కారణం ఏమిటంటే, ఇది తన సొంత యూజర్ పేరుతో నడుస్తుంది. నేను చెప్పిన ఫోల్డర్‌లో రాయడానికి దానికి పర్మిషన్ లేదు. లోపల గొణుక్కుంటూ లాగ్‌ఫైల్లో రాసుకుందే తప్ప నాకు చెప్పలేదు. మూత వేస్తే ల్యాప్‌టాప్ నిద్రపోవడం ఇంకో గొడవ. దానికీ సిస్టమ్ ఫైల్లో ఒక లైను మార్చాల్సి వచ్చింది. ఇలాంటివంటే చిరాకుపడే వాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఇది మనిషినీ కుక్కనూ గుర్తుపట్టదు. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ లాంటిది. పిల్లవాడు ఏం రాశాడో చదవడు, తల కదిలిందా లేదా అన్నదే చూస్తాడు. ముందు చూసిన బొమ్మనూ ఇప్పటి బొమ్మనూ పక్కపక్కన పెట్టి ఎన్ని పిక్సెళ్లు, అంటే బొమ్మలోని చుక్కలు, మారాయో లెక్కపెడుతుంది. ఆ లెక్క ‘థ్రెషోల్డ్’ దాటితే రికార్డింగ్ మొదలు. మామూలుగా థ్రెషోల్డ్ 1500 ఉంటుంది. 640 బై 480 బొమ్మలో మొత్తం పిక్సెళ్లు 3,07,200. అంటే బొమ్మలో రెండు వందల వంతుల్లో ఒక్క వంతు మారితే చాలు, వీడియో లేస్తుంది. బడిలో పిల్లల చేత ఇలాంటి లెక్కలు ఎన్నో చేయించాను కానీ ఇంట్లో పనికొచ్చింది ఇదొక్కటే.

నాకు బాగా నచ్చింది ‘టెక్స్ట్ చేంజెస్’ అనే ఏర్పాటు. అది ఆన్ చేస్తే ఎన్ని పిక్సెళ్లు మారాయన్న అంకె బొమ్మ మీదే పడుతుంది. రెండు రోజులు నేను గేటు దాకా నడవడం, లోపలికొచ్చి అంకె చూడడం, నోటుబుక్కులో రాసుకోవడం. గాలికి మందారం ఊగితే 900 నుంచి 1200. పిల్లి ప్రహరీ మీద నడిస్తే 2500కు అటూ ఇటూ. నేను గేటు తీసుకుని వస్తే 9000 పైనే. పాలబ్బాయి సైకిలుతో వస్తే ఇంకా ఎక్కువ. ఈ పట్టిక చూసి థ్రెషోల్డ్ 3000 పెట్టాను. పిల్లిని వదిలేశాం, మనిషిని పట్టుకుంటాం.

ఆ రాత్రే ఒక అంకె లక్షా నలభై వేలు వచ్చింది. ఆ ఒక్క రాత్రికి అరవై ఒక్క వీడియోలు. పొద్దున భయం భయంగా తెరిచి చూస్తే బల్లి. కిటికీ అద్దానికి బయటివైపు, సరిగ్గా కెమెరా ముందు అతుక్కుని ఉంది. తెల్లటి పొట్ట, నాలుగు వైపులా పరుచుకున్న వేళ్లు, గొంతు కింద చర్మం టకటక కొట్టుకోవడం, తెరంతా అదే. మధ్యలో ఒక ఉసిలి రాగానే నాలుక ఒక్క గీతలా కనిపించి మాయమైంది. అంత దగ్గరగా బల్లిని నేను ల్యాబులో కూడా చూడలేదు. మా ఆవిడ వెనక నుంచి చూసి “గింత ఖర్చువెట్టి బల్లికి కాపలా గాస్తున్నరా?” అంది.

బల్లికి మందు సాఫ్ట్‌వేర్‌లో లేదు. కెమెరా పైన సన్‌షేడ్ కింద వెలిగే బల్బుకు పురుగులు, పురుగులకు బల్లి. బల్బు తీసుకుపోయి గేటు స్తంభానికి, కెమెరాకు దూరంగా పెట్టాం. అసలు బల్బు అవసరమే ఇంకో నీతి నేర్పింది. వెబ్‌క్యామ్‌కు చీకట్లో చూపు లేదు. బయట కెమెరాలకు ఉండే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు దీనికి ఉండవు. వెలుగు తగ్గితే బొమ్మంతా చీమలు పాకినట్టు చుక్కలు, కదిలే మనిషి పొగలా సాగిపోతాడు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ రాత్రంతా వెలగాల్సిందే. ఇంకొకటి, కిటికీకి దోమల జాలి ఉంటే దాని ముందుకు కెమెరా పెట్టాలి. జాలి వెనక పెడితే జాలి గళ్లు స్పష్టంగా వస్తాయి, గేటు మసకగా వస్తుంది.

పగలు బాధ నీడలది. మా ఊరి వాళ్లకు చెప్పనక్కర్లేదు, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీది నీడ పగలంతా కదలదు. పిల్లల్ని ఏటా తీసుకుపోయి చూపించేవాణ్ణి. అక్కడి నుంచి ఇంత దగ్గర్లోనే ఉన్న మా వాకిట్లో వేపచెట్టు నీడ మాత్రం ఒక్క నిమిషం కుదురుగా ఉండదు. మబ్బు తప్పుకుని ఎండ పడితే వాకిలంతా మారిపోయినట్టే. ‘లైట్‌స్విచ్ పర్సెంట్’ అనేది ఉంది, బొమ్మలో ఇంత శాతం ఒక్కసారిగా మారితే వెలుగు మారిందనుకుని వదిలెయ్ అని చెప్పేది. నేను 60 పెట్టాను. ఎండ గొడవ చాలావరకు తగ్గింది.

వేపనీడకూ రోడ్డు మీది ఆటోలకూ అసలు విరుగుడు మాస్క్. కెమెరా బొమ్మ సైజులోనే ఒక తెలుపు నలుపు బొమ్మ తయారుచేసి, పట్టించుకోవద్దన్న చోట నల్ల రంగు పూయాలి. పీజీఎం అనే రకం ఫైలుగా దాచాలి. బొమ్మలు దిద్దే ‘గింప్’ సాఫ్ట్‌వేర్‌లో చేశాను. రోడ్డంతా నలుపు, వేపనీడ పడే మూల నలుపు. మిగిలిన తెలుపు గేటు, మందారం, మెట్లు. ఒకటి గుర్తుంచుకోవాలి, నల్లగా పూసిన చోటు వీడియోలో కనిపిస్తుంది, లెక్కలోకి మాత్రం రాదు. అక్కడ ఏది కదిలినా వీడియో లేవదు, ఇంకోచోట కదిలి లేస్తే అదీ పడుతుంది. వీడియోలో కూడా కనిపించకుండా కప్పేయాలంటే ‘మాస్క్ ప్రైవసీ’ వేరే ఉంది. ఎదురింటి వాళ్ల గుమ్మం కెమెరాలో పడుతోందని తెలిసి వెంటనే దాన్ని దానితో కప్పేశాను. ఎదురింటావిడ అడగకముందే ఇంటికి పిలిచి చూపించాను కూడా. కెమెరా పెట్టేవాళ్లు ఈ పని ముందు చేయండి.

మాస్క్ పడ్డాక రోజుకు పది, పన్నెండు వీడియోలకు తగ్గాయి. జూలై మొదటి వారంలో పూల వీడియో దొరికింది. పొద్దున అయిదు దాటి పన్నెండు నిమిషాలు. కానీ అందులో ఉన్నది వంగిన కొమ్మ, ఆకుల మధ్య ఒక చెయ్యి, కొమ్మ పైకి లేవడం, ఊగడం. మనిషి లేడు. రోడ్డు మాస్క్‌లో ఉంది కదా, ఆయన వచ్చి నిలబడడం లెక్కలోకి రాలేదు. కొమ్మ కదిలాకే రికార్డింగ్ మొదలైంది, అప్పటికి ముఖం ఆకుల వెనక. తిరిగి వెళ్లేటప్పుడు ప్రహరీ మీదుగా వీపు మాత్రం కనిపించింది. దీనికి ‘ప్రీ క్యాప్చర్’ ఉంది. కదలిక మొదలవడానికి ముందటి ఫ్రేములను, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మను, చేతిలో పట్టుకుని ఉండి, వీడియోకు ముందు అతికిస్తుంది. నేను సెకనుకు అయిదు ఫ్రేములు తీస్తున్నాను కాబట్టి 50 పెట్టాను, అంటే పది సెకన్ల గతం. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కటే మార్చుకోగలరంటే ఇది మార్చుకోండి.

మర్నాడు పది సెకన్ల గతంలో మా తెలుగు సార్ నడిచి వచ్చారు.

నాతోపాటు ఒకే హైస్కూల్లో పదకొండేళ్లు పనిచేశారు. నాకంటే ఆరేళ్లు పెద్ద. తెల్ల పంచె, చేతిలో ప్లాస్టిక్ కవరు. ప్రహరీ దగ్గరికి రాగానే రోడ్డు మీదే చెప్పులు విడిచారు. కొమ్మ వంచి, విచ్చీ విచ్చని పూలు ఒక్కొక్కటీ తొడిమతో సహా తెంపి కవర్లో వేసుకున్నారు. ఆగి, తలెత్తి, పై కొమ్మకు మిగిలిన రెండు పూలను చూశారు. వాటి జోలికి పోలేదు. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు. మొత్తం యాభై మూడు సెకన్లు.

రెండు రోజులు మా ఆవిడకు చెప్పలేదు. మూడో రోజు ఆమే ఫోల్డర్ తెరిచి చూసింది. “అడుగుదురా?” అంది. “ఏమని అడగాలె?” అన్నాను. సాయంత్రం గడియారం సెంటర్ దగ్గర ఎదురైతే సార్ నా బీపీ గురించి అడిగారు, నేను ఆయన మోకాళ్ల గురించి అడిగాను.

ఇక హైదరాబాద్ సంగతి. మూడు వారాలకని వెళ్లాం. తిరిగొచ్చి చూస్తే చివరి వీడియో మేం పోయిన తొమ్మిదో రోజుది. ఆ రాత్రి కరెంటు పోయి చాలాసేపు రాలేదు. ల్యాప్‌టాప్ పాత బ్యాటరీ ముప్పావు గంట లాగి ఆగిపోయింది. తర్వాత కరెంటు వచ్చినా దానంతట అది లేవదు, ఎవరో ఒకరు బటన్ నొక్కాలి. పన్నెండు రోజులు ఇంటికి కాపలా లేదు. ఏమీ పోలేదు కాబట్టి సరిపోయింది. సాఫ్ట్‌వేర్ తప్పు కాదిది, కానీ పాత ల్యాప్‌టాప్‌ను నమ్ముకుని ఊరికి పోయేవాళ్లు తాళంచెవి పక్కింట్లో ఇచ్చి పోవాలి. పాత వీడియోలను కూడా ఇది తనంతట తాను తుడిచేయదు. పదిహేను రోజులు దాటినవి తీసేసేలా మావాడు ఒక లైను రాసిపెట్టాడు.

ఫోన్‌లో చూడొచ్చా అని అందరూ అడుగుతారు. చూడొచ్చు. బ్రౌజర్‌లో 8081 పోర్టు మీద లైవ్ వస్తుంది. మొదట్లో అదే కంప్యూటర్‌లో తప్ప కనిపించదు, సెట్టింగ్ మారిస్తే ఇంటి వైఫైలో ఉన్న ఫోన్లకు వస్తుంది. పాస్‌వర్డ్ పెట్టకుండా తెరవొద్దు, ఇంటి బయటికైతే అసలే తెరవొద్దు. రాతఫైళ్లంటే బెంగ ఉన్నవాళ్లకు ఇదే మోషన్ మీద బటన్లతో పనిచేసే ‘మోషన్ ఐ’ ఉంది. విండోస్ వదలనంటే ‘ఏజెంట్ డీవీఆర్’ చూడండి, ఇంట్లో వాడుకోవడానికి డబ్బు అడగదు. ‘జోన్‌మైండర్’ అనే పెద్ద కాపలా సాఫ్ట్‌వేర్ కూడా చూశాను. ఒక్క గేటుకు అది బావిలో నీళ్లు తోడడానికి సాగర్ కాలువ తవ్వినట్టు.

అటక మీద పాత ల్యాప్‌టాప్, మనసులో ఓపిక రెండూ ఉంటే మోషన్‌కు అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. ల్యాప్‌టాప్ కూడా కొనాలంటే వద్దు, ఆ డబ్బుతో రాత్రి చూపున్న కెమెరానే వస్తుంది.

బతుకమ్మ తొమ్మిది రోజులూ గల్లీ పిల్లలంతా మా గేటెక్కారు. ఒక్కరోజే నలభై ఏడు వీడియోలు. బంతిపూలు ఒక్కటి మిగల్లేదు, వాటిని మేం లెక్కలో వేసుకోలేదు. పండుగ అయ్యాక ఒక రాత్రి గింప్ తెరిచి మాస్క్ బొమ్మలో ఇంకాస్త నల్ల రంగు పూశాను, మందార చెట్టు మీద. సేవ్ చేసి, మోషన్‌ను మళ్లీ మొదలుపెట్టాను.

మర్నాడు మా ఆవిడ ఫోల్డర్ చూసి “ఇయ్యాల సార్ రాలేదా?” అంది. పొద్దున అయిదింటప్పటి వీడియో లేదు. పాలబ్బాయిదే మొదటిది. ఆమె బయటికి పోయి చెట్టు చూసింది. పై కొమ్మకు రెండు పూలున్నాయి.