అసకుసాలో 13 గజాల గది, క్యోటోలో పొడుగాటి ఇల్లు

టోక్యోలో హోటల్ బుక్ చేసేటప్పుడు ఫొటోలు నమ్మకండి, చదరపు మీటర్లు చూడండి. అసకుసాలో మేం దిగిన గది ఫొటోల్లో హాలంత ఉంది. 11 చదరపు మీటర్లన్న సంగతి మాత్రం పేజీ అడుగున చిన్న అక్షరాల్లో పెట్టారు. మన లెక్కలో 13 గజాలు, బాత్రూమ్‌తో కలిపి! రాత్రికి 14,800 యెన్లు. అత్తయ్యకు పక్కనే ఇంకోటి.

గది సంగతి సరే, అసలు గోల లిఫ్టుతో. మా హోటల్ లాంటి సన్నటి, పొడవాటి భవనాలను జపాన్‌లో పెన్సిల్ బిల్డింగులంటారు. స్థలాల ధరలు ఆకాశంలో ఉంటాయి, వారసులు పంచుకునే కొద్దీ ముక్కలవుతాయి, ఇక పైకి లేపడమే దారి. మా హోటల్ వీధి వైపు కారు పట్టేంత వెడల్పు, పైకి తొమ్మిది అంతస్తులు. ఒకటే లిఫ్టు, ఇద్దరూ ఒక పెట్టె పడితే ఎక్కువ. చెకౌట్ పదింటికి. మాది ఎనిమిదో అంతస్తు, వచ్చిన లిఫ్టల్లా నిండుగానే వచ్చింది. అత్తయ్యవి మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగలేరు. కిందికి చేరేసరికి పావుగంట ఆలస్యం. కౌంటర్‌లో అబ్బాయి నడుం వంచి దణ్ణం పెట్టి మరీ 2,000 యెన్లు వసూలు చేశాడు. "ఎంత మర్యాదగా దోచాడే అమ్మాయ్!" అన్నారు అత్తయ్య. ఆ రోజంతా మా ఆయన మొహం చూడాలి.

ఆయన్ని మామూలు మనిషిని చేసింది గైఎన్‌మాఎ స్టేషన్ దగ్గరున్న 'టవర్ హౌస్'. అసకుసా నుంచి గింజా లైన్ మెట్రోలో నేరుగా వెళ్లొచ్చు. ఆర్కిటెక్ట్ తకమిత్సు అజుమా 1966లో తన కుటుంబం కోసం కట్టుకున్నాడు. స్థలం 25 గజాలు కూడా లేదు, అందులో సెల్లార్, పైన ఐదంతస్తులు. లోపల గదులకు తలుపులే లేవట. బయటి నుంచే చూడాలి, పైసా ఖర్చు లేదు.

క్యోటోలో మచియా, అంటే పాతకాలపు చెక్క ఇల్లు తీసుకున్నాం, ముగ్గురికీ కలిపి 24,000 యెన్లు. ముఖం ఇరుకే. పూర్వం వీధి వైపు వెడల్పును బట్టి పన్ను వేసేవారని చెబుతారు. లోపలికి నడిస్తే మాత్రం పోతూనే ఉంటుంది, మధ్యలో చిన్న తోట. వంటగది ఉండటంతో అత్తయ్య కుక్కర్ పెట్టి, ఆవకాయ సీసా తీశారు. పై మెట్లు నిచ్చెనంత నిటారు కాబట్టి ఆమెకు కిందే పరుపు వేశాం. నేల మీంచి లేవడానికి మాత్రం రోజూ ఇద్దరం చేతులందించాలి. పెద్దవాళ్లుంటే మంచం ఉందో లేదో ముందే అడగండి.

ఆ 2,000 యెన్ల గురించి బుకింగ్ సైట్‌కు రాశాను. క్షమాపణలు చెప్పి 5 శాతం కూపన్ పంపారు. అదీ అదే హోటల్లో వాడుకోవడానికి.