చారల చొక్కానా, గళ్ళ చొక్కానా: టైకి ఏది మేలు?

టై కట్టుకోవడం కోసం మొదటిసారి డిజైన్ చొక్కా కొనేవాళ్ళు ఎక్కువగా రంగు చూసి తీసుకుంటారు. ఇంటికొచ్చి టై పెట్టి చూస్తే ఏదో తేడా కొడుతుంది. రంగులు కుదిరాయి, మరి ఎక్కడ చెడిందో అంతుపట్టదు. చాలాసార్లు చెడేది డిజైన్ సైజు దగ్గర. చొక్కా మీది చార, టై మీది చార దాదాపు ఒకే వెడల్పులో ఉంటే ఏది ముందుందో ఏది వెనకుందో కంటికి తేలదు. రెండూ కలిసి కదులుతున్నట్టు అనిపిస్తాయి, చూసేవాళ్ళ కళ్ళు అలసిపోతాయి. అందుకే షాపుకి వెళ్ళేటప్పుడు జేబులో చిన్న స్కేలు పెట్టుకోవడం నిజంగా పనికొస్తుంది.

టై కోసమే అయితే చారల చొక్కాయే మేలు. నిలువు చార ఒకే దిక్కున పోతుంది, టై కూడా అదే దిక్కున వేలాడుతుంది, రెండింటికీ పేచీ ఉండదు. చారల్లో మూడు రకాలు తెలిస్తే చాలు. తెల్ల బట్ట మీద పెన్సిల్‌తో గీసినంత సన్నగా, ఎడం ఎడంగా ఉండేవి పెన్సిల్ చారలు. తెలుపూ రంగూ సమానంగా సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున వచ్చేవి క్యాండీ చారలు. అదే పద్ధతిలో 6 మిల్లీమీటర్ల దాకా ఉంటే బెంగాల్ చారలు. నీలం పెన్సిల్ చారల చొక్కా గది అవతలి నుంచి చూస్తే లేత నీలం ప్లెయిన్ చొక్కాలాగే ఉంటుంది కాబట్టి దాదాపు ఏ టైనైనా ఒప్పుకుంటుంది. బెంగాల్ చార ఎంత దూరం నుంచైనా చారగానే కనిపిస్తుంది. దాని మీదికి ప్లెయిన్ టై, లేదంటే చిన్న చుక్కల టై తప్ప మరోటి కట్టకపోవడం మంచిది.

ఇక టైలలో చుక్కలు మేలా, చారలా? చుక్కలే. నేవీ బ్లూ టై మీద 2 మిల్లీమీటర్ల తెల్ల చుక్కలు, చుక్కకీ చుక్కకీ మధ్య ఒక సెంటీమీటర్ ఎడం: ఈ ఒక్క టై మూడు రకాల చారల మీదా నిలుస్తుంది. చుక్కకి దిక్కు ఉండదు, అదే దాని బలం. చార మీద చార కట్టకూడదని కొందరంటారు గానీ అది నిజం కాదు. టై చార చొక్కా చారకి కనీసం నాలుగైదు రెట్లు ఉండాలి, అంతే. చొక్కాది 3 మిల్లీమీటర్లయితే టైది ఒకటిన్నర నుంచి రెండున్నర సెంటీమీటర్లు. మామిడిపిందెల డిజైన్ టై అయితే పిందెలు పెద్దవిగా, చొక్కా చార పెన్సిల్ గీతంత సన్నగా ఉన్నప్పుడే అందం.

ఏటవాలు చారల టైతో బ్రిటన్ వెళ్ళేవాళ్ళు ఒకటి గమనించాలి. అక్కడ రెజిమెంట్లకీ, క్లబ్బులకీ, పాత పాఠశాలలకీ సొంత చారల టైలున్నాయి. వాటిలో చార కట్టుకున్నవాళ్ళ ఎడమ భుజం వైపు నుంచి కుడి పక్కకి దిగుతుంది. అమెరికాలో బ్రూక్స్ బ్రదర్స్ కంపెనీ దీన్ని తిరగేసి, కుడి భుజం వైపు నుంచి దించింది. సభ్యత్వం లేని క్లబ్బు చారలు మెడలో వేసుకుని లండన్ ఇంటర్వ్యూలో కూర్చుంటే ఇబ్బందికరమైన ప్రశ్న రావచ్చు. అమెరికా వాలు చారలైనా, చుక్కలైనా క్షేమం.

గళ్ళ చొక్కాకి టై కుదరదని కాదు, కానీ వెసులుబాటు తక్కువ. గడిలో ఇప్పటికే నిలువు గీత, అడ్డ గీత ఉన్నాయి. దాని మీద ఏటవాలు చారల టై కడితే మూడు దిక్కులు పోట్లాడుకుంటాయి. తెలుపూ రంగూ సమానమైన గళ్ళుగా వచ్చే జింగమ్‌లో 3 మిల్లీమీటర్ల చిన్న గడికి ముదురు రంగు ప్లెయిన్ టై బాగుంటుంది. తెలుపు మీద రెండు రంగుల సన్న గీతలు మార్చి మార్చి వచ్చే టాటర్‌సాల్ గళ్ళకి అల్లిక టై, అంటే కింది కొస చదరంగా ఉండే నిట్టెడ్ టై, చక్కగా నప్పుతుంది. డిజైన్ లేకపోయినా అల్లిక గరుకే దానికి నిండుదనం ఇస్తుంది. గడి సెంటీమీటర్ దాటితే టై మానేయండి, ఆ చొక్కా సెలవురోజుది. సూట్‌కే చారలుంటే, చారలైనా గళ్ళైనా డిజైన్ చొక్కా జోలికి పోకుండా ప్లెయిన్ చొక్కా వేసుకోవడం తేలిక.

రంగు సంగతి రెండు మాటల్లో: టై చొక్కాకంటే ముదురుగా ఉండాలి, చొక్కా చారలోని రంగు టైలో ఎక్కడో ఒకచోట కనిపించాలి. అచ్చంగా అదే బట్టతో చొక్కా, టై, జేబురుమాలు కలిపి పెట్టెలో పెట్టి అమ్మే సెట్లు కొనకండి. ఒకే డిజైన్ మెడ నుంచి నడుము దాకా పరుచుకుంటే టై ఉన్నట్టే తెలియదు. అలాంటి సెట్టు కానుకగా వస్తే టైని ప్లెయిన్ చొక్కా మీదికి వాడుకోండి.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూకైతే లెక్క మారుతుంది. సన్న చారలు, చిన్న గళ్ళు కెమెరాలోని పిక్సెళ్ళ వరసలతో కలిసి అలలు అలలుగా మెరుస్తాయి, వాటినే మొయిరే అంటారు. ఎదురుగా చూస్తే ఎంతో బాగున్న క్యాండీ చార తెర మీద పాకుతున్నట్టు ఉంటుంది. మీరు కూర్చునే దూరంలోనే ల్యాప్‌టాప్ కెమెరా పెట్టి పది సెకన్ల వీడియో తీసి, భుజాలు కాస్త కదిపి చూడండి. మెరిస్తే ప్లెయిన్ చొక్కా, కాస్త పెద్ద డిజైన్ టై.

బట్ట కొని కుట్టించుకునేవాళ్ళకి చారలు చవక కూడా. 58 అంగుళాల పన్నాలో ఫుల్ హ్యాండ్స్ చొక్కాకి సాధారణంగా 1.6 మీటర్లు సరిపోతుంది. గళ్ళకి అంతకంటే ఎక్కువ తీసుకోవాలి, గడి పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. ఎందుకంటే గుండీ పట్టీ దగ్గరా, జేబు దగ్గరా, పక్క కుట్టు దగ్గరా అడ్డ గీతలు కలవాలి. చారలకి జేబూ గుండీ పట్టీ కలిస్తే చాలు. టై సరిగ్గా పట్టీ మీదే పడుతుంది గనుక, అక్కడ చార సగం దగ్గర తెగితే టై పక్కనే వంకరగా కనిపిస్తుంది. కత్తెర పెట్టకముందే టైలర్‌కి ఈ మాట చెప్పాలి.