ముక్కు పైపా, పొట్ట పైపా: మింగుడు పడనప్పుడు ఏది మేలు?

ఉన్నట్టుండి తల తిరుగుడు, గొంతు బొంగురు, ఆగని ఎక్కిళ్లు. నీళ్లు తాగితే దగ్గు, ఒక్కోసారి ముక్కులోంచి బయటికి. కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి, మూతి వంకర పోలేదు కాబట్టి గ్యాస్ అనుకుంటారు. మింగడాన్ని నడిపే నరాల కేంద్రం మెదడు కాండంలో (మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే భాగంలో) ఉంటుంది, అక్కడ స్ట్రోక్ వస్తే ఇలాగే ఉండొచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణాలు మొదలైనప్పటి నుంచి మామూలుగా 4.5 గంటలే గడువు.

ప్రాణం గట్టెక్కాక, నల్గొండైనా మహబూబ్‌నగరైనా, వార్డు బయట ఇదే చర్చ: మింగలేని మనిషికి తిండి ముక్కులోంచి పొట్టలోకి వేసే పైపుతోనా, నేరుగా పొట్టకు పెట్టే పైపుతోనా?

మొదటి రెండు మూడు వారాలకు నా ఓటు ముక్కు పైపుకే. మంచం మీదే వేస్తారు, ఖర్చు తక్కువ, మింగుడు కుదిరితే తీసేస్తారు. ఈ రకం స్ట్రోక్‌లో చాలామందికి వారాల్లోనో నెలల్లోనో కుదురుతుంది కూడా. తొందరపడి పొట్ట పైపు వేస్తే అదనపు మేలేమీ లేదని స్ట్రోక్ రోగులకు తిండి ఎలా ఇవ్వాలో పరీక్షించి 2005లో వచ్చిన ఫుడ్ ట్రయల్ అనే అధ్యయనం చూపింది. ముక్కు పైపుతో చిక్కల్లా, రోగి నిద్రలో దాన్ని పీకేసుకోవడం. ఊడినదాన్ని ఇంట్లో తోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే జావ కూడా అక్కడికే పోతుంది. దేవరకొండ అవతలి తండా నుంచి ప్రతిసారీ ఆటో కట్టుకొని రావడం మాటలు కాదు.

అందుకే నాలుగు వారాలైనా మింగుడు కుదరకపోతే పొట్ట పైపే నయం. ఎండోస్కోపీతో చిన్న రంధ్రం చేసి పెడతారు. అంగీ కింద కనపడదు, అంత తేలిగ్గా ఊడదు. రంధ్రం చుట్టూ చీము పట్టకుండా మాత్రం రోజూ శుభ్రం చేయాలి. "పొట్టకు బొక్క పెట్టిర్రంటే ఇగ మనిషి అయిపోయినట్టే" అని చుట్టాలు భయపెడతారు. పట్టించుకోవద్దు, మింగుడు వచ్చాక దీన్నీ తీసేస్తారు.

న్యుమోనియా రాకుండా ఏ పైపూ పూర్తిగా కాపాడదు. ఉమ్మి ఊపిరితిత్తుల వైపు జారుతూనే ఉంటుంది. నోరు శుభ్రంగా ఉంచాలి. తలవైపు ఎత్తుగా కూర్చోబెట్టి, రాగి జావను బాగా వడగట్టి పోయాలి, తర్వాత నీళ్లతో పైపు కడగాలి. ఏ మాత్ర నలగ్గొట్టాలో డాక్టర్‌నే అడగాలి.

వీటికంటే ప్రమాదం, నర్సు చూడకుండా "ఒక్క ముద్ద గటక తిను నాయినా" అని నోట్లో పెట్టడం. దగ్గు రాలేదని ధైర్యపడటానికి లేదు, కొందరిలో చప్పుడు లేకుండానే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోటితో ఎప్పుడు మొదలుపెట్టాలో మింగుడు పరీక్ష చేసిన స్పీచ్ థెరపిస్టో, డాక్టరో చెప్పాలి.