ఆర్స్ మాజికా ఐదో ఎడిషన్: 1220 నాటి విస్బీ రేవులో ఎంతవరకు పనికొస్తుంది?

ఆర్స్ మాజికా కొత్త ఆటేమీ కాదు. జొనాథన్ ట్వీట్, మార్క్ రైన్-హేగెన్ 1987లో తెచ్చిన పాత్రపోషణ ఆట, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని తలో పాత్రా తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. అట్లాస్ గేమ్స్ వేసిన ఐదో ఎడిషన్ 2004 నాటిది, 240 పేజీలు. మధ్యయుగపు యూరప్‌ని చరిత్రలో ఉన్నది ఉన్నట్టుగా ఉంచి, దాని చాటున ఆర్డర్ ఆఫ్ హెర్మీస్ అనే మాంత్రికుల సంఘాన్ని పెట్టారు. అందులో పన్నెండు హౌస్‌లు (వంశాల్లాంటి శాఖలు), పదమూడు ట్రిబ్యునళ్లు (ప్రాంతాలవారీ సభలు). ఆట మొదలయ్యే ఏడు 1220. ఈ సమీక్ష పుస్తకం మొత్తం గురించి కాదు. బాల్టిక్ సముద్రం నడుమ వర్తకం మీద బతికిన గోట్లాండ్ దీవిలో, దాని రేవు పట్నం విస్బీలో ఆడదామనుకునేవాళ్లకి ఈ ఒక్క పుస్తకం సరిపోతుందా అన్నదే ఇక్కడ ప్రశ్న. కాలం లెక్కా, మాంత్రికుల చట్టమూ ఆ దీవికి కొలిచి కుట్టినట్టున్నాయి. డబ్బు లెక్క మాత్రం కుదరలేదు, అది మనమే వేసుకోవాలి.

ముందు కాలం సంగతి. ఈ ఆటలో మాంత్రికులు రోజులు కాదు, రుతువులు ఖర్చు పెడతారు. ఏడాదికి నాలుగే. ఒక రుతువులో గ్రంథం చదవడమో, మంత్రం కనిపెట్టడమో, శిష్యుడికి నేర్పడమో, ఏదో ఒకటే. గోట్లాండ్ వర్తకమూ అచ్చం ఇలాగే నడిచింది. రష్యాలోని నోవ్‌గొరొడ్ పట్నానికి వెళ్లే వర్తకుల్లో వేసవి జట్టు వేరు, చలికాలం జట్టు వేరు. చలికాలం జట్టు నీళ్లు గడ్డకట్టకముందే చివరి ఓడల్లో అక్కడికి చేరి, చలంతా అక్కడే గడిపి, మంచు కరిగాక తిరిగొచ్చేది. వాళ్లతో వెళ్లిన మాంత్రికుడికి శరత్తూ చలికాలమూ రెండూ పోయినట్టే.

ఆ నష్టం ఎంతో లెక్క కట్టొచ్చు. ఈ ఆటలో ప్రతి మంత్రమూ ఒక టెక్నిక్ (చేసే పని), ఒక ఫారం (దేని మీద చేస్తారో అది) కలిస్తే వచ్చేదే. క్రియో అంటే సృష్టించడం, విమ్ అంటే మంత్రశక్తి. క్రియో 10, విమ్ 7, తెలివి 3, మాజిక్ థియరీ 6, మాంత్రికులు కలిసి ఉండే ఆశ్రమం ఆరా (ఆ చోటికున్న అతీత శక్తి) 4 ఉన్న మాంత్రికుడి ల్యాబ్ మొత్తం 30. ఒక రుతువు కూర్చుని గాలిలోంచి విస్ (గడ్డకట్టిన మంత్రశక్తి) తీస్తే పదో వంతు, అంటే 3 పాన్లు వస్తాయి, పాన్ అంటే విస్ కొలత. ఆశ్రమానికి ఏటా కట్టే రక్షణ కర్మ ఏజిస్ ఆఫ్ ది హార్త్ 30వ లెవెల్లో కట్టాలంటే 6 పాన్లు కావాలి, లెవెల్లో ప్రతి అయిదుకి ఒకటి చొప్పున. ఒక నోవ్‌గొరొడ్ ప్రయాణం ఖరీదు సరిగ్గా ఒక ఏజిస్. అది సాధారణంగా కట్టేది డిసెంబరు అయనాంతానికి. కట్టగలిగిన ఒక్కగానొక్క మాంత్రికుడూ అప్పుడు నోవ్‌గొరొడ్‌లో వోల్ఖోవ్ నది ఒడ్డున కూర్చుని ఉంటే ఆ ఏడాదంతా ఇల్లు తలుపు తీసి పెట్టినట్టే. ఇలాంటి ఇరకాటం కోసం కథలు కట్టక్కర్లేదు. క్యాలెండరే కడుతుంది.

కొత్త జట్లు ఇక్కడే దెబ్బతింటాయి. ఓడలో ఒక మాంత్రికుడు, ఇంట్లో ముగ్గురు. ఫిన్లాండ్ అఖాతం, నేవా, లదోగా, వోల్ఖోవ్ జలపాతాల దగ్గర సరుకు స్థానికుల పడవల్లోకి మార్చడం అంటూ మూడు పూటలు ఆడితే మిగతా ముగ్గురూ పాచికలు దొర్లించుకుంటూ కూర్చుంటారు. మందు పుస్తకంలోనే ఉంది. ప్రతి ఆటగాడికీ ఒక మాంత్రికుడు, ఒక సహచరుడు ఉంటారు, గ్రోగ్‌లనే కింది మనుషులు అందరికీ ఉమ్మడి. ఇంట్లో ఉన్న మాంత్రికుల ఆటగాళ్లకి ఓడలో చుక్కానివాడినీ, రేవు గుమాస్తానీ అప్పగించాలి. ఈ ఏర్పాటు నచ్చని జట్టు అసలు ఈ ఆట కొనకపోవడం మేలు.

ఇక ఊరు. విస్బీ అనగానే అందరికీ కళ్లముందు కదిలేది రాతి ప్రాకారం, దాదాపు 3.4 కిలోమీటర్లు. 1220లో ఆ ప్రాకారం లేదు, ఆ శతాబ్దంలోనే తర్వాత లేచింది. రేవులో ఇప్పుడు క్రుట్‌టోర్నెట్ అనే బురుజు మాత్రం అప్పటికే ఉంది. జర్మన్ వర్తకుల సెయింట్ మేరీ చర్చికి ప్రతిష్ఠ జరిగింది 1225 జూలై 27న, కాబట్టి మొదటి అయిదేళ్లూ అది పని నడుస్తున్న కట్టడమే. ఇంటర్నెట్‌లో దొరికే విస్బీ మ్యాప్ తెచ్చి టేబుల్ మీద పరిస్తే మొదటి రోజే చరిత్ర తప్పుతుంది.

అంతకన్నా పెద్ద తేడా మనుషుల్లో ఉంది. పుస్తకం ఊహించుకున్న సమాజంలో దొర, నైట్, దొర భూమిలో రైతు ఉంటారు. గోట్లాండ్‌లో దొరలూ లేరు, నైట్లూ లేరు. రైతే వర్తకుడు, పొలమూ ఓడా ఒకే ఇంటివి. దీవి మొత్తానికీ సభ రోమా అనే ఊళ్లో కూడేది (ఇటలీ రోమ్ కాదు, దీవిలోదే). అక్కడే 1164లో పెట్టిన సిస్టర్షియన్ మఠం ఉంది. స్వీడన్‌కి ఏటా 60 మార్కుల వెండి కప్పం కట్టేవాళ్లు. బిషప్ లింషాపింగ్ నుంచి మూడేళ్లకోసారి వచ్చేవాడు. కాబట్టి సహచరుడి పాత్ర తయారుచేసేటప్పుడు నైట్, లాండెడ్ నోబుల్ అన్న సామాజిక హోదాలు రెండూ కొట్టేయండి. మర్చంట్, పెజెంట్, క్రాఫ్ట్స్‌మన్ ఉంచండి. ‘ఈ నేల ఎవరిది, ఎవరికి నమస్కారం పెట్టాలి’ అని అడిగే మాంత్రికుడికి గోట్లాండ్‌లో ఒక్క మనిషి పేరు దొరకదు, సభకి వెళ్లి మాట్లాడాలి. పుట్టుకతోనే ‘గిఫ్ట్’, అంటే మంత్రం వేసే శక్తి, ఉన్నవాడికి ఇది నరకం. ఎందుకంటే ఆ గిఫ్ట్ వల్ల మామూలు జనంతో మాట్లాడే ప్రతి పాచికలోనూ 3 తగ్గుతుంది.

పుస్తకం గోట్లాండ్‌కి తెలియకుండానే చేసిన గొప్ప మేలు దైవ ఆరా నియమం. చర్చి ప్రభావం ఉన్న చోట మంత్రం వేస్తే ఆరాకి మూడింతలు తగ్గుతుంది. టెక్నిక్ 10, ఫారం 8, స్టామినా 2 ఉన్న మాంత్రికుడికి మొత్తం 20. ఊళ్లో దైవ ఆరా 3 అని పెడితే 11కి దిగుతుంది, ఆశ్రమంలో మాంత్రిక ఆరా 3 అయితే 23కి ఎక్కుతుంది. అదే మనిషి, అదే మంత్రం, తేడా 12. పైగా పరాయి ఆరాలో పాచిక సున్నా పడితే, పని ఘోరంగా బెడిసికొట్టిందో లేదో తేల్చే బాచ్ పాచికలూ పెరుగుతాయి. గోట్లాండ్ పల్లెల్లో ఇప్పటికీ నిలిచి ఉన్న మధ్యయుగపు చర్చిలు 92. అన్నీ 1220కి లేవు గానీ కట్టడాలు జోరు మీదున్నాయి. ఒక్కో చర్చి లేచినకొద్దీ మాంత్రికుల నేల కుంచించుకుపోతుందన్నమాట. విస్బీలో విస్ దొరకదు, అని గుర్తుపెట్టుకుంటే చాలు. ఆశ్రమం ఊరికి దూరంగా పెట్టండి. ఉత్తరాన ఫోరో దాటాక సముద్రంలో గోట్స్కా సాండోన్ అని ఇసుక దీవి ఉంది. రేవు లేదు, గాలి దిక్కు చూసుకుని పడవ ఒడ్డుకి తోయాల్సిందే. ఆరా బాగా పెట్టుకోవచ్చు, కానీ పిండి బస్తా తేవాలన్నా వాతావరణం ఒప్పుకోవాలి.

ఇంకో చోటు కూడా చూసుకోవచ్చు. గుటాసాగా అనే గోట్లాండ్ పాత కథనం దీవి పుట్టుక ఇలా చెబుతుంది: మొదట ఈ దీవి పగలు నీళ్లలో మునిగి, రాత్రి పైకి తేలేది. తియెల్వార్ అనేవాడు దాని మీదికి మొదటిసారి నిప్పు తెచ్చాక ఇక మునగలేదు. ఆర్స్ మాజికాలో ‘రెజియో’ అని ఒక నియమం ఉంది, ఒకే చోట పొరలు పొరలుగా ఉండే వేర్వేరు లోకాలన్నమాట. ఈ రెండూ కలిపితే పని అయిపోయింది. నిప్పు రాని పాత గోట్లాండ్ పై పొరలో ఇంకా మునుగుతూ తేలుతూనే ఉంటుంది. దానిలోకి దారి సూర్యాస్తమయానికి తెరుచుకుంటుంది, తెల్లారేలోపు బయటికి రావాలి. లోపల దీపం వెలిగిస్తే ఆ పొర శాశ్వతంగా నిలిచిపోతుంది, దాంతో దాని మాయ కూడా పోతుంది. ఇగ్నెమ్ (నిప్పు) మీద బతికే ఫ్లాంబో హౌస్ మాంత్రికుడిని అందులోకి పంపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

వర్తకం దగ్గరే పుస్తకం చేతులెత్తేసింది. వెండి పౌనులు, పౌనుకి 240 పెన్నీలు, బేరానికి బార్గెయిన్ అనే నైపుణ్యం, అంతే. ఓడ మునిగితే ఎవరి వాటా ఎంత, సరుకు పాడైతే ఏం చేయాలి అన్నవాటికి జవాబు లేదు. గోట్లాండ్ లెక్క మార్కుల్లో నడిచేది, మార్కుకి 8 ఓర్‌లు, ఓర్‌కి 3 ఓర్టుగ్‌లు. పౌనుకి ఒకటిన్నర మార్కు అని పెట్టుకోండి. అది ఇంగ్లండ్ వాటం. గోట్లాండ్ మార్కు అంతకన్నా తేలిక, అయినా టేబుల్ మీద తేడా తెలియదు. ప్రయాణానికి మూడే పాచికలు వేయించండి: సముద్రానికొకటి, సరుకు నాణ్యతకొకటి, ధరకొకటి. ధర దగ్గర లక్ష్యం 9. సంభాషణ 1, బార్గెయిన్ 5 ఉన్న సహచరుడు 6తో మొదలుపెడతాడు. సంభాషణ 0, బార్గెయిన్ 1 ఉన్న మాంత్రికుడు గిఫ్ట్ దెబ్బకి మైనస్ 2తో మొదలుపెడతాడు. మాంత్రికుడిని ఓడలోనే కూర్చోబెట్టడం లాభం.

సరుకు నాణ్యత దగ్గర మంత్రానికి పని ఉంది, పుస్తకంలోని అసలు అందం కూడా అక్కడే బయటపడుతుంది. నోవ్‌గొరొడ్ నుంచి వచ్చేవి ముఖ్యంగా బొచ్చు తోళ్లు, మైనం. మైనపు ముద్దల్లో కల్తీ ఉందేమోనని కొనేవాళ్లు ముక్క కొట్టి చూసుకునే హక్కు ఉండేది, దాని మీద తగాదాలూ నడిచేవి. ఇదే పని మంత్రంతో చేయాలంటే, తేనెటీగ మైనం కాబట్టి ఇంటెలెగో (తెలుసుకోవడం) ఎనిమల్ (జంతువులు, వాటినుంచి వచ్చేవి). స్పర్శకి ఒక మాగ్నిట్యూడ్ (అయిదు లెవెళ్ల మెట్టు), గ్రూప్‌కి రెండు, క్షణకాలానికి ఏమీ లేదు. బేస్ 5 దాటితే ఈ మూడూ 15 లెవెళ్లు పెంచుతాయి. గ్రూప్ అంటే ఒకచోట చేరి, మిగతావాటి నుంచి విడిగా కనబడే గుంపు. మన ముద్దలూ పక్కవాడి ముద్దలూ ఒకే కుప్పగా ఉంటే మంత్రం మన సరుకుని వేరుగా పట్టుకోదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. తూకం దగ్గర ముందు ముద్దలు విడదీసి పేర్పించాలి, అదీ అనుమానం రాకుండా. ఆ చోట ఆరా 3 ఉంటే 9 తగ్గుతుందనీ మరవొద్దు.

నోవ్‌గొరొడ్‌లోని జర్మన్ వర్తకుల స్థావరం పీటర్ కోర్టుకి మిగిలిన డబ్బు విస్బీ సెయింట్ మేరీ చర్చిలో ఒక పెట్టెలో దాచేవారు. పదమూడో శతాబ్దపు నిబంధన ప్రకారం దానికి నాలుగు తాళంచెవులు. విస్బీ, లూబెక్, జోస్ట్, డార్ట్‌మండ్ పెద్దల దగ్గర ఒక్కొక్కటి. రెగో టెర్రమ్‌తో, అంటే మట్టినీ లోహాన్నీ ఆడించే మంత్రంతో, తాళం తీయడం చిన్న పనే. కానీ పెట్టె ఉన్నది ఊళ్లోకెల్లా దైవ ఆరా గట్టిగా ఉండే గదిలో. పాపం, ఆ వర్తకులకి మాంత్రికుల సంగతి తెలియదు గానీ, తెలిసినా ఇంతకన్నా మంచి చోటు వెతికేవాళ్లు కాదు.

చట్టం సంగతి క్లుప్తంగా. మామూలు ప్రజల వ్యవహారాల్లో తలదూర్చి తోటి మాంత్రికులకి ముప్పు తేనని ప్రతి మాంత్రికుడూ ప్రమాణం చేస్తాడు, తప్పితే గ్వెర్నికస్ హౌస్ విచారణ ఉంటుంది. వర్తకమే ప్రాణమైన దీవిలో ఎంతవరకు సాయం, ఎక్కడినుంచి జోక్యం? ఓడకి గాలి తెప్పించడం ఫరవాలేదనుకుంటే, పోటీవాడి ఓడకి గాలి ఆపడం? దీన్ని ఆటగాళ్లే ట్రిబ్యునల్‌లో వాదించుకోవాలి. గోట్లాండ్ ఏ ట్రిబ్యునల్ కిందికి వస్తుందో మొదటి రోజే తేల్చేసుకోండి. మెర్సెర్ హౌస్ రెడ్‌క్యాప్‌లలో (సంఘానికి కబుర్లు మోసేవాళ్లలో) ఎక్కువమందికి గిఫ్ట్ ఉండదు, సంఘంలో మాత్రం పూర్తి సభ్యులే. ఈ దీవికి అంతకన్నా మంచి పాత్ర ఇంకోటి లేదు.

పుస్తకం తయారీలో విసుగులు ఉన్నాయి. ఒక మంత్రం కట్టాలంటే నాలుగు చోట్ల పేజీలు తిప్పాలి. కొత్తవాళ్లకి ఒక్క మాంత్రికుడి పాత్రకే ఒక సాయంత్రం పడుతుంది: బాల్యానికి 45 పాయింట్లు, తర్వాత ఏటా 15, శిష్యరికం పదిహేనేళ్లకి 240 పాయింట్లూ 120 లెవెళ్ల మంత్రాలూ, ఆపైన ఏటా 30. సహచరుడి పాత్ర ముందు చేయించి, మాంత్రికుడిని రెండో వారానికి వాయిదా వేస్తే తల తిరగదు.

చివరగా ఎంత దూరం ఆడాలి? 1229లో రష్యా పట్నం స్మొలెన్స్క్‌తో వర్తక ఒప్పందం, 1288లో విస్బీ పట్నవాసులకీ పల్లె రైతులకీ మధ్య యుద్ధం, 1361 జూలైలో డెన్మార్క్ రాజు వాల్డెమార్ దాడి, ప్రాకారం బయటే రైతుల ఊచకోత. 1220లో పాతికేళ్లున్న మాంత్రికుడు 1288కి 93 ఏళ్లవాడు. 35 దాటినప్పటినుంచీ ఏటా చలికాలంలో ముసలితనం పాచిక వేయాలి. దాని దెబ్బ తగ్గించే లాంజెవిటీ (దీర్ఘాయువు) కర్మకి వయసులో అయిదేళ్లకో పాన్, 35లో చేస్తే 7. ఈ 7 కూడా ముందే పక్కన పెట్టి ఉంచాలి, ఏజిస్‌కి దాచినవి కాకుండా. 1220 శరత్తులో, నోవ్‌గొరొడ్‌కి చివరి ఓడ కట్టు విప్పే రోజున ఆట మొదలుపెట్టండి. మాంత్రికులు ఎక్కాలో వద్దో తేల్చుకోవడానికి ఆ ఒక్క పూటే ఇవ్వండి.