మనిషి మొహమా, చిరుత చూపా: విశాఖలో బొమ్మలు వేసేవారికి ఏది మేలు?

చెయ్యి కాస్త కుదిరాక చాలామంది ఈ రెండింటి మధ్యే ఆగిపోతారు. పోర్ట్రెయిట్లు వేయాలా, జంతువులూ పక్షులూ వేయాలా? ఏది అమ్ముడవుతుందని అడిగే ముందు, అసలు ఎందుకు వేయాలనిపిస్తోందో తేల్చుకోవాలి. ఏ వేళకి బయల్దేరాలి, ఏ కాగితం కొనాలి, ఎవరిని ఏం అడగాలి అన్నవన్నీ ఆ కారణాన్ని బట్టే మారిపోతాయి.

మొఘల్ చక్రవర్తి జహంగీర్ కొలువులోని చిత్రకారుల్లో ఈ రెండు దారులూ పక్కపక్కనే సాగాయి. అబుల్ హసన్‌కి నాదిర్-ఉజ్-జమాన్ అని, ఉస్తాద్ మన్సూర్‌కి నాదిర్-ఉల్-అస్ర్ అని బిరుదులిచ్చింది ఒకే చక్రవర్తి. అబుల్ హసన్ చేతిలో ఏలిక దర్పం బొమ్మకెక్కింది. మన్సూర్‌ది వేరే పని. 1612లో గోవా నుంచి టర్కీ కోడి వస్తే, అక్కడివాళ్లెవరూ ఎరగని ఆ పక్షిని ఈక ఈకా చూసి దించాలి. ఒకరిది మనిషి ఎలా గుర్తుండాలన్న తపన, మరొకరిది ఉన్న ప్రాణిని ఉన్నట్టు చూడాలన్న తపన. ఈనాటికీ తేడా అక్కడే.

పోర్ట్రెయిట్ సంగతి

ఇంట్లో పెద్దవాళ్లు పోయాక వారి బొమ్మ వేయించుకోవడం మనవైపు ఎక్కువ. చేతికొచ్చేది తరచూ పాత పాస్‌పోర్ట్ సైజు ఫొటో. ఫ్లాష్ నేరుగా పడటంతో ముక్కు పక్క నీడ, కంటి గుంత చెరిగిపోయి మొహం పలకలా ఉంటుంది. దాన్నే పెద్దది చేసి వేస్తే పోలిక దిగదు. వేరువేరు వయసుల నాలుగైదు ఫొటోలు అడగండి. పెళ్లి ఆల్బమ్‌లో పక్క నుంచి పడ్డది ఒక్కటి దొరికినా ముక్కు ఎత్తు, గడ్డం తీరు తెలుస్తాయి. ఆ పోలిక వచ్చిన కొడుకునో కూతురినో కిటికీ పక్కన కూర్చోబెట్టి చూస్తే, నీడలు ఎక్కడ పడతాయో అర్థమవుతుంది.

రంగు దగ్గర ఎక్కువమంది తడబడతారు. ‘స్కిన్ టోన్’ అని అమ్మే గులాబీ ట్యూబు మన ఒంటికి పనికిరాదు. రెండు పాళ్లు బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), ఒక పాలు ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), నీడలకి కొద్దిగా అల్ట్రామెరీన్ బ్లూ కలిపి మొదలుపెట్టి, మనిషిని బట్టి సవరించుకోండి. వెలుగు కోసం ఉత్త టైటానియం వైట్ కలిపితే మొహం సున్నం కొట్టినట్టవుతుంది, అందులో ఓకర్ పడాలి. ఆరుబయట నుదుటి మీది మెరుపులో ఆకాశపు నీలం ఉంటుంది. కంటి తెలుపు కూడా తెలుపు కాదు, బూడిద రంగు.

‘కాస్త తెల్లగా వేయండి’ అని అడుగుతారు. ఒప్పుకోకండి. రంగు మార్చితే వెలుగునీడల లెక్క చెడి, చివరికి ఆ మనిషే కనిపించకుండా పోతాడు. కిటికీకి దగ్గరగా జరిపి వెలుగు పెంచండి, అది న్యాయమైన దారి.

ఎదురుగా కూర్చోబెట్టి వేసేటప్పుడు ఇరవై అయిదు నిమిషాలు పోజు, అయిదు నిమిషాలు విరామం. కుర్చీ కాళ్ల చుట్టూ నేల మీద టేప్ అంటించకపోతే విరామం తర్వాత తల కోణం మారిపోతుంది. ఫోన్‌తో ఫొటో తీస్తే కనీసం రెండు మీటర్లు వెనక్కి వెళ్లి జూమ్ చేయాలి, దగ్గర నుంచి తీస్తే ముక్కు ఉబ్బి చెవులు వెనక్కి పోతాయి. ఫిషింగ్ హార్బర్‌లో జాలరుల మొహాలు వేయాలనుకుంటే చేపల వేలం ముగిసేదాకా ఆగండి. సరుకు అమ్ముకునే మనిషిని కదలకుండా ఉండమనడం తప్పు.

జంతువుల దగ్గరికొస్తే

జంతువు మీకోసం కూర్చోదు, బొమ్మ బాగుందో లేదో చెప్పదు. ఆ ఉదాసీనతే కొందరిని లాగుతుంది.

1977లో తెరిచిన ఇందిరాగాంధీ జూ కంబాలకొండ అడవి అంచునే ఉంది. సోమవారం సెలవు. గేటు తీయగానే వెళ్లాలి, ఎండెక్కాక పులులూ చిరుతలూ పడుకుంటాయి. ఒక పేజీలో నాలుగైదు బొమ్మలు ఒకేసారి మొదలుపెట్టండి. చిరుత అటూ ఇటూ పచార్లు చేస్తుంది కాబట్టి వదిలేసిన భంగిమ మళ్లీ వస్తుంది, అప్పుడు ఆ బొమ్మకి తిరిగి రండి. ఒక్కో బొమ్మకి ఒక విడతలో అరనిమిషం మించి ఇవ్వకండి.

పొరపాట్లు దాదాపు అందరివీ ఒకటే. వెనక కాలి మధ్యలో వెనక్కి తిరిగి కనిపించే మడత మోకాలు కాదు, మడమ. మోకాలు పైన, పొట్ట దగ్గర ఉంటుంది. ఇది తెలియకపోతే కాలు విరిగినట్టు వస్తుంది. చిరుతకి కంటిపాప గుండ్రం, ఇంటి పిల్లిలా నిలువు గీత కాదు. నడుం మీది మచ్చలు ఉంగరాల్లా ఉండి, పొట్ట వంపులోకి పోయేకొద్దీ సన్నబడాలి. ఉంగరం మధ్యలో చుక్క ఉంటే అది జాగ్వార్, నెట్‌లో ఫొటో చూసి వేసేవారు ఇక్కడే దొరికిపోతారు. ముందు వెలుగునీడల ముద్దలు, తర్వాత మచ్చలు, చివరికే వెంట్రుకలు. ఈ వరస తిరగబడితే బొచ్చు ఉంటుంది గానీ ఒళ్లుండదు.

అడవి ప్రాణుల్ని కాపాడాలన్న తపనతో వేసేవారికి ఒక మాట. ఎక్కడిదో పులి ఫొటో చూసి వేసేకంటే మన తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు వేయండి. శీతాకాలం చివర్లో ఇసుకలో గుడ్లు పెడుతుంది, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలొస్తాయి. పెద్దదాని డిప్ప సుమారు 60, 70 సెంటీమీటర్లు. డిప్ప మీద పక్క పలకలు ఒక్కోవైపు తరచూ ఆరో అంతకన్నా ఎక్కువో, రెండు వైపులా సమానంగా ఉండకపోవచ్చు కూడా. నాలుగేసి వేస్తే అది పచ్చ తాబేలవుతుంది. పిల్లలు ఆకుపచ్చగా ఉండవు, నల్లటి బూడిద రంగు. హేచరీ (గుడ్లు పొదిగించే చోటు) దగ్గర టార్చి, ఫ్లాష్ వాడొద్దు. ఆ వెలుగుకి పిల్లలు దారి తప్పుతాయి.

మరి ఏది?

తేల్చుకోలేనివారు ముందు పోర్ట్రెయిట్ పట్టుకోవడమే మేలు. తాబేలు కన్ను రెండు మిల్లీమీటర్లు పక్కకి పోయినా ఎవరూ గుర్తుపట్టరు, బొమ్మలో అమ్మ కన్ను అంతే పక్కకి జరిగితే ఇంట్లో చిన్నపిల్లాడైనా పట్టేస్తాడు. తప్పు వెంటనే తెలిస్తేనే చెయ్యి సాగుతుంది. ఆదాయం కూడా ఇటే స్థిరం. ఇప్పటికే జంతువుల మీద మనసు పారేసుకున్నవారు మాత్రం ఆగనక్కర్లేదు, కానీ ఫొటోలకే పరిమితం కావద్దు. ప్రాణిని కళ్లారా చూడకుండా వేసిన బొమ్మలో ఆ తపన నిలవదు.

సముద్రపు తేమ రెండింటికీ ఇబ్బందే. కాగితానికి బూజు పడుతుంది, కాగితం మీది జిగురు పూత పోయి రంగు మచ్చలుగా ఇంకుతుంది. కనుక 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువున్న) కాటన్ కాగితాన్ని సిలికా జెల్ పొట్లాలతో మూతపెట్టెలో దాచండి. ఆయిల్ రంగుల్లో వేస్తే కింది పొర పల్చగా, పై పొరల్లో నూనె ఎక్కువగా ఉండాలి. తిరగబడితే పగుళ్లిస్తుంది.

ఇక హక్కుల విషయం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బిచ్చి వేయించుకున్న పోర్ట్రెయిట్ మీద, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ వేయించుకున్నవారిదే. తర్వాత ప్రింట్లు వేసుకోవాలన్నా, పుస్తకంలో అచ్చేసుకోవాలన్నా వారి అనుమతి కావాలి. సొంతంగా వేసిన చిరుత బొమ్మ మీద హక్కు మీదే, కాకపోతే ఇంకొకరు తీసిన ఫొటో చూసి వేసి ఉంటే ఆ ఫొటోగ్రాఫర్‌ని అడగాలి. అడ్వాన్స్ తీసుకునే రోజే రసీదు మీద హక్కుల గురించి ఒక వాక్యం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.