దెసాగా ఉండాలా, కెలురహన్‌గా మారాలా?

మధ్య జావాలో, వొనొసొబో జిల్లా కెజాజర్ ప్రాంతంలో సుమారు 2,000 మీటర్ల ఎత్తున బంగాళాదుంప పండించే దియెంగ్ ఒక దెసా, అంటే తన పాలన తానే చూసుకునే పల్లె. అదే కొండదారిలో ఉన్న కెజాజర్ మాత్రం కెలురహన్, అంటే జిల్లా ప్రభుత్వం కింద నడిచే పట్టణ తరహా పాలనా విభాగం. ఇండోనేషియాలో ఎదుగుతున్న పల్లెలకు ఈ రెంటిలో ఏది మేలన్నది ఎప్పుడూ ఉండే ప్రశ్నే.

పెద్ద: దెసా పెద్దను ఊరివాళ్లు ఓటేసి ఎన్నుకుంటారు, 2024 సవరణతో పదవీకాలం ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్లయింది. కెలురహన్‌కు జిల్లా పెద్ద నియమించిన ప్రభుత్వోద్యోగి వస్తాడు.

డబ్బు: దెసాకు 2015 నుంచి కేంద్రం ఏటా గ్రామనిధి ఇస్తోంది. కెలురహన్ జిల్లా బడ్జెట్ మీద ఆధారపడాలి.

భూమి: అసలు టెన్షన్ ఇక్కడే. జావా పల్లెల్లో, ఒకప్పుడు గ్రామాధికారులకు జీతం బదులు సాగుకిచ్చిన బెంగ్‌కొక్ భూములుంటాయి. కెలురహన్ కాగానే ఊరి ఆస్తులన్నీ జిల్లావైపోతాయి. పంచాయతీని మునిసిపాలిటీలో కలిపితే ఉపాధి హామీ పోతుందని మన ఊళ్లలో గొడవ చేస్తారే, అలాంటి భయమే.

శ్రమ: దెసాలో లెక్కలు, ప్రణాళికలు ఊరే చూసుకోవాలి, డబ్బు పక్కదారి పట్టే ప్రమాదమూ ఉంది. కెలురహన్‌లో ఆ తలనొప్పి తక్కువ.

సాగు, ఉమ్మడి భూములు ఉన్న ఊరికి దెసాయే నయం. పొలాలు పోయి, ఇళ్లు, దుకాణాలతో పట్నంలో కలిసిపోయిన ఊరికి కెలురహన్ సరిపోతుంది.